వారానికి నలభై కిలోమీటర్లు పరిగెత్తినా కదలని ముల్లు

ఏప్రిల్ నడుమ హైదరాబాద్ మారథాన్‌కు పేరు నమోదు చేసుకున్న రోజు నా బరువు 78.4 కిలోలు. ఆగస్టు చివర్లో నెక్లెస్ రోడ్డు మీద మొదలుపెట్టి గచ్చిబౌలి చేరాలి, మొత్తం 42.195 కిలోమీటర్లు. అప్పటికి ఎలాగూ ఐదారు కిలోలు తగ్గిపోతానని ధీమా. ప్రతి సోమవారం పొద్దున తూకం చూసుకుని నోటుపుస్తకంలో రాసుకున్నాను. వారానికి నలభై కిలోమీటర్ల చొప్పున ఐదు వారాలు పరిగెత్తాక వచ్చిన అంకె 78.9. అర కిలో పెరిగాను! ఆ వారమే మడమ నొప్పి వచ్చి మూడు రోజులు పరుగు మానేసి ఇంట్లో కూర్చున్నాను. గురువారం ఊరికే తూకం ఎక్కితే 77.2.

పరిగెత్తితే పెరిగి, కూర్చుంటే తగ్గే బరువేమిటని యంత్రాన్నే అనుమానించాం. 26 కిలోల బియ్యం బస్తా తెచ్చి దాని మీద పెట్టాం. (పాతిక కిలోల బస్తా పన్ను పుణ్యమా అని 26 అయిన సంగతి తెలిసిందే.) యంత్రం బుద్ధిగా 26 చూపించింది. తప్పు దానిది కాదు. దాన్ని నేను అడిగిన ప్రశ్నే తప్పు.

తూకం మీద కనిపించేది ఒక్క అంకె. దాని వెనుక పెద్ద ఉమ్మడి కుటుంబం ఉంది: ఎముకలు, కండ, కొవ్వు, పేగుల్లో ఇంకా అరగని తిండి, కండల్లోనూ కాలేయంలోనూ దాచుకున్న పిండిపదార్థం, అందరికన్నా ఎక్కువగా నీరు. పెద్దవాళ్ల ఒంట్లో సగానికి పైగా నీరే. వీటిలో మనం వదిలించుకోవాలనుకునేది కొవ్వు ఒక్కదాన్నే. కానీ ఒక రోజు నుంచి మరో రోజుకు అంకెను పైకీ కిందికీ లాగేది ముఖ్యంగా నీరు. కొవ్వు నత్తనడక నడుస్తుంది, నీరు జింకలా గెంతుతుంది. రెండింటినీ కలిపి ఒకే అంకెగా చదువుకుని నత్త ఎటు పోతోందో చెప్పమంటే ఎవరూ చెప్పలేరు.

ఆ నత్త ఎంత నెమ్మదో లెక్క కడదాం. పరుగులో కిలో బరువుకు, కిలోమీటరు దూరానికి సుమారు ఒక కేలరీ ఖర్చవుతుంది. వేగంతో దీనికి పెద్దగా పని లేదు. 78 కిలోల మనిషి వారానికి నలభై కిలోమీటర్లు పరిగెత్తితే 3,100 కేలరీల పైచిలుకు. ఒంట్లోని కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలు ఉంటాయి. మాక్స్ విష్నోఫ్‌స్కీ అనే అమెరికన్ వైద్యుడు 1958లో పౌనుకు 3,500 అని కట్టిన లెక్కే ఇప్పటికీ కిలోలలోకి మారి చలామణిలో ఉంది. ఆ ప్రకారం, తిండి ఒక్క మెతుకు కూడా పెరగకపోతే, వారానికి 400 గ్రాముల కొవ్వు కరగాలి. తిండి పెరగకుండా ఎలా ఉంటుంది? అందులో సగాన్ని ఆకలి తిరిగి వసూలు చేసుకుందనుకుంటే మిగిలేది వారానికి 200 గ్రాములు, అంటే రోజుకు 30 గ్రాములకు కాస్త తక్కువ. నాలుగు కాసుల బంగారం ఎత్తు కూడా కాదు. అదే రోజులో నీళ్లు, ఉప్పు, భోజనం కలిసి ఒంటి బరువును కిలో, ఒక్కోసారి రెండు కిలోలు అటూ ఇటూ ఊపుతాయి. బస్తాల కాటా మీద కాసులపేరు తూచి, తరుగెంతో చెప్పమన్నట్టుంది మన పని.

మరి నా విషయంలో ముల్లు కదలకపోవడమే కాదు, పైకి వెళ్లింది. దానికి కారణం శిక్షణే. దూరాలు పరిగెత్తడం మొదలుపెట్టగానే శరీరం ఇంధనం నిల్వ చేసుకునే గిడ్డంగులను పెద్దవి చేసుకుంటుంది. మనం తిన్న అన్నం, ఇడ్లీ, సంగటి చివరికి గ్లైకోజెన్ అనే రూపంలో కండల్లో సుమారు 400 గ్రాములు, కాలేయంలో 100 గ్రాములు నిల్వ ఉంటాయి. ఈ గ్లైకోజెన్ పొడిగా ఉండదు. గ్రాముకు సుమారు మూడు గ్రాముల నీటిని వెంటబెట్టుకుంటుంది. శిక్షణతో కండ మరో 150 గ్రాములు దాచుకోవడం నేర్చుకుందనుకుంటే నీటితో కలిపి తూకం మీద 600 గ్రాములు పెరుగుతాయి. అందులో కొవ్వు ఒక్క గ్రాము కూడా లేదు.

అదే సమయంలో రక్తం కూడా పలచబడి పరిమాణం పెంచుకుంటుంది, అందులోనూ ఎండలో పరిగెత్తేవాళ్లకు. మే నెలలో హైదరాబాద్‌లో పొద్దున ఐదున్నరకే ఒళ్లు తడిసిపోతుంది. చెమట పట్టించాలన్నా, చర్మానికీ కండకూ ఒకేసారి రక్తం పంపాలన్నా చాలినంత ద్రవం ఉండాలి. అందుకే మొదటి ఒకటి రెండు వారాల్లోనే రక్తంలోని ద్రవభాగం పది శాతం దాకా పెరుగుతుంది. మూడు లీటర్లున్న చోట మరో 300 మిల్లీలీటర్లు చేరతాయి. పరుగుకు ఇది వరం లాంటిది. తూకం చూసుకునేవాడికి మాత్రం కారణం తెలియని బరువు.

మూడోది నొప్పి తెచ్చే నీరు. అలవాటు లేని దూరం పరిగెత్తితే, ముఖ్యంగా ఫ్లైఓవర్లు దిగేటప్పుడు, తొడ కండరాల పోగులు సన్నగా చిట్లుతాయి. వాటిని బాగుచేయడానికి అక్కడ నీరు చేరి కండ ఉబ్బుతుంది. ఆ నొప్పి, ఉబ్బు పరుగు మరునాడు మొదలై రెండు మూడు రోజులు ఉంటాయి. నేను వారానికి అతి పెద్ద పరుగు పెట్టింది ఆదివారం. తూకం చూసుకున్నది సోమవారం. అంటే ఐదు వారాల పాటు, కండ ఉబ్బి ఉన్న రోజును ఏరికోరి పట్టుకుని మరీ బరువు రాసుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నపు బిరియాని సంగతి సరేసరి. ఉప్పు ఎంత నీటిని పట్టి ఉంచుతుందో తెలియాలంటే ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్ సీసాను గుర్తుచేసుకుంటే చాలు. లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు. మన రక్తానికి సరిపడే పాళ్లు అవే. బిరియాని, మిర్చికా సాలన్, సాయంత్రం పెరుగన్నంలో ఆవకాయ కలిపి మామూలు కన్నా నాలుగైదు గ్రాముల ఉప్పు ఎక్కువ పోయిందంటే, మూత్రపిండాలు దాన్ని బయటకు పంపేదాకా అర లీటరు నీరు ఒంట్లోనే ఉండిపోతుంది. దానికి తోడు పేగుల్లో ఉన్న తిండి బరువు. మూడు రోజులు విశ్రాంతి తీసుకునేసరికి ఉప్పు పోయింది, ఉబ్బు దిగింది, పేగులు తేలికపడ్డాయి. గురువారం 1.7 కిలోలు ‘తగ్గిన’ రహస్యం ఇంతే. ఐదు వారాల్లో కరిగిన కిలో కొవ్వు ఆ మూడు రోజుల్లో కరిగినది కాదు. వరద తీశాక గోదావరి రేవులో మెట్లు బయటపడినట్టు, అప్పటిదాకా నీటి కింద ఉండి అప్పుడు కనిపించింది. ఆ మాటకొస్తే ఏప్రిల్ నాటి 78.4 కూడా ఏదో ఒక్క రోజు అంకే. ఆ ముందు రాత్రి నేనేం తిన్నానో ఎవరికి గుర్తు!

స్త్రీలకు ఈ లెక్కలో మరో అల ఉంటుంది. నెలసరికి ముందు రోజుల్లో కొందరిలో నీరు చేరి కిలో, అంతకన్నా ఎక్కువ కూడా పెరుగుతుంది. అందుకే వాళ్లు ఈ వారాన్ని కిందటి వారంతో పోల్చుకోకూడదు. నెలలో ఇదే దశతో పోల్చుకోవాలి. మగవాళ్ల కోసం రాసిన శిక్షణ పట్టికలు పట్టుకుని ఎంతమంది అనవసరంగా అన్నం మానేశారో.

ఇక పరుగు ముగియగానే తూకం ఎక్కి సంబరపడేవాళ్లున్నారు. ఆ సంబరం నాకూ తెలుసు. జూన్‌లో ఒక ఆదివారం 28 కిలోమీటర్ల పరుగుకు ముందు 77.6, తరువాత 75.2. దారిలో 1.2 లీటర్ల నీళ్లు తాగినా 2.4 కిలోలు పోయాయి. అందులో కొవ్వు ఎంత? ఆ పరుగుకు ఖర్చు సుమారు 2,150 కేలరీలు. సగం కొవ్వు నుంచి వచ్చిందనుకున్నా 140 గ్రాములకు మించదు. మిగతాది దాదాపుగా నీరు, కొంచెం గ్లైకోజెన్. ఇథియోపియా పరుగుల వీరుడు హైలే గెబ్రెసెలాసీ 2009లో దుబాయ్ మారథాన్ గెలిచినప్పుడు రెండు గంటల చిల్లరలో తన బరువులో సుమారు పది శాతం కోల్పోయాడు. ఆయన ఆ రోడ్ల మీద వదిలింది కొవ్వు కాదు.

కొవ్వు చాలావరకు చెమటగా పోదు. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు దీని లెక్క తేల్చారు. పది కిలోల కొవ్వు పూర్తిగా కరిగితే 8.4 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా ఊపిరిలో పోతాయి, 1.6 కిలోలు నీరవుతాయి. బొట్టు బొట్టుగా కారుతోందని మనం అనుకునేది నిజానికి గాలిలో కలిసిపోతోంది. ఎండాకాలంలో కూడా ప్లాస్టిక్ జాకెట్ వేసుకుని పార్కు చుట్టూ పరిగెత్తేవాళ్లకు ఈ ముక్క ఎవరైనా చెబితే బాగుండు. వాళ్లు తగ్గించుకునేది సాయంత్రానికి తిరిగొచ్చే నీటిని. కొని తెచ్చుకునేది వడదెబ్బను.

నీటి కథ తెలిశాక కూడా ఒక చిక్కు మిగులుతుంది. నీటిని పక్కన పెట్టి చూసినా, కాగితం మీద కరగాల్సినంత కొవ్వు కరగదు. ఇక్కడ నేరం చాలావరకు ఆకలిది. గట్టిగా పరిగెత్తిన వెంటనే ఆకలి చచ్చిపోతుంది, ‘ఏమీ వద్దు, మజ్జిగ చాలు’ అనిపిస్తుంది. మరునాడు మధ్యాహ్నం అది వడ్డీతో సహా వస్తుంది. ‘పొద్దున పద్దెనిమిది కిలోమీటర్లు పరిగెత్తాను కదా’ అన్న ఒక్క మాట మీద నేను తిన్న పూతరేకులు, మైసూర్‌పాక్ ముక్కలు ఏ నోటుపుస్తకానికీ ఎక్కలేదు. ఇంకో దొంగ కూడా ఉన్నాడు. ఆదివారం పెద్ద పరుగు అయ్యాక మిగిలిన రోజంతా మంచం దిగను. మామూలు ఆదివారమైతే కూరగాయలకు నడిచేవాడిని, మేడ ఎక్కి దిగేవాడిని. పొద్దున ఖర్చుపెట్టినదాంట్లో కొంత సాయంత్రం ఇలా పొదుపు చేసుకుంటున్నాను.

శరీరం అంతకన్నా లోతుగా కూడా పొదుపు చేస్తుందని హెర్మన్ పాంట్జర్ అనే మానవ పరిణామ శాస్త్రవేత్త వాదన. 2015లో కొందరు రన్నర్లు వారానికి ఆరు మారథాన్ల లెక్కన, ఇరవై వారాల పాటు, అమెరికా ఖండాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు దాటారు. ఆయన బృందం వాళ్ల శక్తి ఖర్చును కొలిచి 2019లో ఫలితాలు ప్రచురించింది. అంత పరుగుకు అవ్వాల్సినదానికన్నా చివరికి వచ్చేసరికి రోజుకు సుమారు 600 కేలరీలు తక్కువ ఖర్చవుతున్నాయి. విశ్రాంతిలో అయ్యే ఖర్చుకు రెండున్నర రెట్ల దగ్గర శరీరం దీర్ఘకాలానికి గీత గీసుకుంటుందని వాళ్లు తేల్చారు. ఈ పొదుపు మామూలు మనుషుల్లో ఏ మేరకు జరుగుతుందన్న దాని మీద శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. నా మటుకు నాకు, మారథాన్‌కు సిద్ధమయ్యే ఉద్యోగి విషయంలో పాంట్జర్ పొదుపు కన్నా పూతరేకుల పద్దే పెద్దదనిపిస్తుంది.

చేతి గడియారం చెప్పే కేలరీలను నమ్ముకుని తినేవాళ్లకు ఇంకో దెబ్బ. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2017లో మణికట్టుకు కట్టుకునే ఏడు పరికరాలను పరీక్షించారు. గుండె వేగాన్ని చాలావరకు బాగానే చెప్పాయి. కేలరీల విషయంలో అన్నిటికన్నా మెరుగైనదే సగటున 27 శాతం తప్పింది, అధ్వాన్నమైనది 93 శాతం.

ఇంతవరకు తగ్గని బరువు గురించి. అసలు భయపడాల్సింది దీనికి ఎదురు దిక్కున ఉంది.

మన ఊళ్లలో మారథాన్ శిక్షణ పతాక స్థాయికి చేరే సమయానికి శ్రావణమాసం వస్తుంది. శనివారం ఒంటిపూట భోజనం, రాత్రికి నాలుగు పండ్లు లేదా ఇంత ఉప్మా. ఆదివారం తెల్లవారుజామున ముప్పై కిలోమీటర్లు. గిడ్డంగి సగం ఖాళీగా ఉండగానే బండి కదులుతుంది. ఒక్క వారం ఇలా చేస్తే కాళ్లు లాగుతాయి, అంతే. నెలల తరబడి తిండికీ పరుగుకూ మధ్య ఈ లోటు కొనసాగితే శరీరం ఇంటి ఖర్చులు తగ్గించుకోవడం మొదలుపెడుతుంది. ముందు నెలసరి తప్పుతుంది. మగవాళ్లలో టెస్టోస్టిరాన్ తగ్గుతుంది. ఎముక పలచబడి, ఎక్కడా పడకుండానే పాదం ఎముకల్లో పగుళ్లు వస్తాయి. జలుబు వదలదు, నిద్ర పట్టదు, ఎంత పరిగెత్తినా వేగం పెరగదు. అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం 2014లో దీనికి ‘క్రీడలో సాపేక్ష శక్తి లోపం’ అనే అర్థం వచ్చే పేరు పెట్టింది. రన్నర్లు రెడ్-ఎస్ అంటారు. ఇందులో మోసం ఏమిటంటే, బరువు తగ్గి తీరాలన్న నియమం లేదు. శరీరం ఖర్చులను బాగా కుదించుకుంటే ముల్లు ఉన్నచోటే ఉంటుంది. దాన్ని చూసి ‘ఇంకా ఎక్కువ తింటున్నానేమో’ అని మరో ముద్ద తగ్గిస్తారు. తూకం ఒక్కదాన్నే నమ్ముకునేవాళ్లు ఎక్కువగా పడే గుంత ఇదే. ఉపవాసం వదులుకోనక్కర్లేదు. పెద్ద పరుగును బుధవారానికో గురువారానికో జరుపుకోవచ్చు, దేవుడేమీ అనుకోడు.

మరోవైపు, బరువు వద్దన్నా తగ్గిపోతుంటే ఆ గొప్పంతా పరుగుకు కట్టబెట్టకూడదు. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, నీరసం అనేవి ఎండలో పరిగెత్తేవాడికి మామూలే. అదుపు తప్పిన చక్కెర వ్యాధికీ అవే లక్షణాలు. గుండె దడ, చెమటలు, ఎంత తిన్నా చిక్కిపోవడం థైరాయిడ్ అతిగా పనిచేసినా కనిపిస్తాయి. సాయంత్రపు జ్వరం, దగ్గు తోడైతే క్షయను కూడా గుర్తుంచుకోవాలి. ప్రయత్నించకుండానే ఆరు నెలల నుంచి ఏడాది లోపు ఒంటి బరువులో ఐదు శాతం తగ్గితే వైద్యులు కారణం వెతుకుతారు. రన్నర్లకు మాత్రం ‘ప్రయత్నించకుండానే’ అన్న మాట దగ్గరే తికమక, ఎందుకంటే వాళ్లు ఎప్పుడూ ఏదో ఒకటి ప్రయత్నిస్తూనే ఉంటారు. నేను పెట్టుకున్న గురుతు ఒకటే: పరుగు దూరం పెరగలేదు, తిండి తగ్గలేదు, అయినా మూడు నాలుగు వారాల సగటు దిగుతూనే ఉంటే రక్తపరీక్షకు వెళ్లాలి.

సగటు అన్నాను కదా, నా సోమవారాల పిచ్చి వదిలింది దానితోనే. ఇప్పుడు రోజూ పొద్దున లేచి, కాలకృత్యాలు తీరాక, నీళ్లయినా తాగకముందు తూకం చూసుకుంటాను. ఆ అంకెను పట్టించుకోను. ఆదివారం ఏడింటినీ కూడి ఏడుతో భాగించి, వచ్చినదాన్ని మూడు వారాల కిందటి సగటుతో పోలుస్తాను. దీంతో నీటి గెంతులు చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, నత్త జాడ కనిపిస్తుంది. అంకెలంటే చిరాకు పడేవాళ్లకు మా నాన్నగారి కొలత ఉంది. ఆయన జీవితంలో తూకం ఎక్కి ఎరగరు. ‘మొలతాడు వదులైందిరా’ అంటే ఒళ్లు తగ్గినట్టు. నా తూకం 78.9 చూపించి నన్ను ఏడిపించిన సోమవారం కూడా నా మొలతాడు ఏప్రిల్‌లో కన్నా ఒక వేలి వెడల్పు వదులుగానే ఉంది. దాన్ని అడగాలని తోచలేదు.

పరుగుకు ముందూ తరువాతా చూసే తూకం కూడా పనికొస్తుంది, అయితే కొవ్వు కోసం కాదు. తగ్గిన బరువుకు దారిలో తాగిన నీళ్లు కలిపితే ఎంత చెమట పట్టిందో తెలుస్తుంది. నా 28 కిలోమీటర్ల పరుగులో 2.4కు 1.2 కలిపితే 3.6 లీటర్లు, మూడు గంటల ఇరవై నిమిషాల్లో. గంటకు లీటరుకు పైనే. పోటీ రోజు ఎంత తాగాలన్న ప్రశ్నకు ఇంతకన్నా మంచి ఆధారం లేదు. పోయినదంతా పూడ్చుకోవాలని చూడకూడదు. అతిగా తాగడం తక్కువ తాగడం కన్నా ప్రమాదం కావచ్చు. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రన్నర్ల రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ఉండాల్సినదానికన్నా తక్కువగా ఉంది. ఆ ప్రమాదాన్ని అన్నిటికన్నా బాగా పట్టిచ్చిన గుర్తు, పరుగు ముగిసేసరికి బరువు పెరిగి ఉండడం. నలభై రెండు కిలోమీటర్లు పరిగెత్తి బరువు పెరిగారంటే, చెమటగా పోయినదానికన్నా ఎక్కువ నీళ్లు తాగి రక్తాన్ని పలచన చేసుకున్నారన్నమాట.

చివరి రెండు వారాల్లో శిక్షణ తగ్గిస్తారు. చివరి రెండు మూడు రోజులు అన్నం, బంగాళాదుంప, అరటిపండు ఎక్కువగా తింటారు. పరుగు తక్కువ, పిండిపదార్థం ఎక్కువ. గ్లైకోజెన్ గిడ్డంగులు అంచుల దాకా నిండి, తమ వాటా నీటిని కూడా పీల్చుకుంటాయి. బరువు కిలో, కిలోన్నర పెరుగుతుంది. నాలుగు నెలల కష్టం చివరి వారంలో మంటగలిసిందని చాలామంది కంగారుపడి, శనివారం రాత్రి భోజనం మానేసేది ఇక్కడే. ముప్పయ్యో కిలోమీటరు దగ్గర కాళ్లు మొరాయించే వాళ్లలో వీళ్లు తప్పక ఉంటారు.

నా నోటుపుస్తకంలో పోటీకి ముందు ఆదివారం 74.9 ఉంది. పోటీ నాటి తెల్లవారుజామున మూడున్నరకు 76.3. ఆ కిలో నాలుగు వందల గ్రాములనూ నెక్లెస్ రోడ్డు నుంచి మోసుకుంటూ బయలుదేరాను. గచ్చిబౌలి చేరేసరికి అందులో ఏమీ మిగల్లేదు.